హెచ్.జి.వెల్స్

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ (సెప్టెంబరు 21, 1866 - ఆగష్టు 13, 1946) సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత. హెచ్.జి.వెల్స్ అనే పేరుతో ప్రపంచానికి పరిచితుడు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్‌తో పాటు ఇతడిని విజ్ఞాన కాల్పనిక సాహిత్యానికి ఆద్యుడిగా పరిగణిస్తారు. ది టైమ్ మెషీన్, ది ఇన్విజిబుల్ మేన్, ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ ఇతడి ప్రసిద్ధ నవలలు. వీటంత ప్రచారం పొందని మరొక పని కూడా వెల్స్ చేశాడు. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడకు సామాన్యులకు అర్థమయ్యే నియమాలు రాసి, 1913లో లిటిల్ వార్స్ (చిన్న యుద్ధాలు) అనే చిన్న పుస్తకంగా ప్రచురించాడు. నేడు అనేక దేశాలలో బల్లమీద చిన్న చిన్న టాంకు నమూనాలతో ఆడే యుద్ధక్రీడలకు ఈ పుస్తకమే మూలమని ఆ క్రీడాభిమానులు భావిస్తారు. యుద్ధాన్ని ద్వేషించిన మనిషి యుద్ధపు ఆటను రూపొందించడం, ఆ మరుసటి సంవత్సరమే నిజమైన మహాయుద్ధం రావడం ఇతడి జీవితంలోని ముఖ్య ఘట్టాలు.

బాల్యం

వెల్స్ ఇంగ్లాండులోని కెంట్ ప్రాంతానికి చెందిన బ్రామ్లీ పట్టణంలో ఒక దిగువ మధ్యతరగతి కుటుంబంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ వెల్స్ మొదట తోటమాలి. తరువాత పింగాణీ సామాను, ఆటవస్తువులు అమ్మే చిన్న దుకాణం నడిపాడు. అతడు క్రికెట్ ఆటగాడు కూడా. 1862లో కెంట్ జట్టు తరఫున ససెక్స్‌పై ఆడుతూ వరుసగా నాలుగు బంతులలో నాలుగు వికెట్లు పడగొట్టాడు. తల్లి సారా నీల్ వివాహానికి ముందు ధనికుల ఇంట పరిచారికగా పనిచేసింది.

1874లో వెల్స్‌కు ప్రమాదవశాత్తు కాలు విరిగి చాలాకాలం మంచానికే పరిమితం కావలసి వచ్చింది. ఆ రోజులలో తండ్రి తెచ్చి ఇచ్చిన పుస్తకాలే అతడికి కాలక్షేపం. చదవడం పట్ల, ఆపైన రాయడం పట్ల ఆసక్తి అప్పుడే కలిగింది. 1877లో తండ్రికి కూడా కాలు విరిగి, క్రికెట్ వలన వచ్చే ఆదాయం ఆగిపోయింది. కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. 1880లో తల్లి ససెక్స్‌లోని అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో ఇంటి నిర్వహణ చూసే ఉద్యోగంలో చేరింది.

విద్యాభ్యాసం

1881 నుండి 1883 వరకు వెల్స్ సౌత్‌సీలోని ఒక బట్టల దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడిగా ఉన్నాడు. రోజుకు పదమూడు గంటల చాకిరీ, పడక గదిలో ఇతర కుర్రవాళ్ళతో ఇరుకు బ్రతుకు అతడికి సరిపడలేదు. చివరకు తల్లిని ఒప్పించి ఆ పని మానుకొని, మిడ్‌హర్స్ట్ పాఠశాలలో చదువుకుంటూ చదువు చెప్పే ఉద్యోగంలో చేరాడు. 1884లో విద్యార్థి వేతనం సంపాదించి లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో ప్రవేశించాడు. అక్కడ డార్విన్ సిద్ధాంతానికి గొప్ప ప్రచారకుడైన థామస్ హెన్రీ హక్స్లీ వద్ద జీవశాస్త్రం అభ్యసించాడు. ఆ విద్య అతడి ఆలోచనా విధానాన్ని జీవితాంతం శాసించింది.

1887లో వేల్స్‌లో ఉపాధ్యాయుడిగా ఉన్నపుడు ఫుట్‌బాల్ ఆడుతూ మూత్రపిండానికి గాయమైంది. అప్పటినుండి చాలాకాలం అనారోగ్యం వెంటాడింది. 1890లో లండన్ విశ్వవిద్యాలయం నుండి జంతుశాస్త్రంలో పట్టా పొందాడు. కొంతకాలం లండన్‌లోని హెన్లీ హౌస్ పాఠశాలలో పనిచేశాడు. తరువాతి కాలంలో విన్నీ ది పూ కథలు రాసిన ఎ.ఎ.మిల్న్ అక్కడ ఇతడి విద్యార్థి.

కుటుంబం

1891లో వెల్స్ తన బంధువైన ఇసబెల్‌ను వివాహమాడాడు. ఆ వివాహం ఎక్కువకాలం నిలవలేదు. 1895లో తన విద్యార్థిని అమీ కేథరిన్ రాబిన్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమెను జేన్ అని పిలిచేవారు. వీరికి జార్జ్ ఫిలిప్ (1901), ఫ్రాంక్ రిచర్డ్ (1903) అనే ఇద్దరు కుమారులు. వీరిలో పెద్దవాడు జంతుశాస్త్రవేత్త అయ్యాడు. వెల్స్‌కు ఇతర స్త్రీలతో ఉన్న సంబంధాలు ఆ కాలంలో తీవ్రమైన చర్చకు దారితీశాయి. రచయిత్రి రెబెకా వెస్ట్ వలన కలిగిన కుమారుడు ఆంథోనీ వెస్ట్, బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించిన 1914 ఆగష్టు 4వ తేదీనే జన్మించాడు.

రచనా జీవితం

1895లో ప్రచురితమైన ది టైమ్ మెషీన్ వెల్స్‌కు ఒక్కసారిగా పేరు తెచ్చింది. ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో (1896), ది ఇన్విజిబుల్ మేన్ (1897), ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ (1898), ది ఫస్ట్ మెన్ ఇన్ ది మూన్ (1901) వరుసగా వెలువడ్డాయి. ఆదాయం పెరగడంతో సముద్రతీరంలోని శాండ్‌గేట్‌లో స్పేడ్ హౌస్ అనే ఇల్లు కట్టుకున్నాడు. సాంఘిక సమస్యలపై కూడా నవలలు రాశాడు. 1903లో ఫేబియన్ సొసైటీలో చేరి, దాని నాయకులతో విభేదించి 1908లో బయటకు వచ్చాడు.

ఇనుప ఓడల కథ

1903 డిసెంబరులో స్ట్రాండ్ మాగజైన్‌లో ది లాండ్ ఐరన్‌క్లాడ్స్ అనే వెల్స్ కథ వెలువడింది. ఐరన్‌క్లాడ్ అంటే ఇనుప కవచం తొడిగిన యుద్ధనౌక. అటువంటి నౌకలు నేలమీద నడిస్తే ఎలా ఉంటుందన్నది ఈ కథకు మూలం. రెండు సైన్యాలు కందకాలలో ఎదురెదురుగా నిలిచిపోయిన సమయంలో, ఒక పక్షం వారు దాదాపు వంద అడుగుల పొడవు గల కవచ యంత్రాలను రంగంలోకి దింపుతారు. ఆ యంత్రాలు కందకాలను దాటుకుంటూ పోయి అవతలి సైన్యాన్ని ఓడిస్తాయి. వాటి నడకకు బ్రామా డిప్లాక్ అనే ఇంజనీరు రూపొందించిన పెడ్‌రైల్ చక్రాలను వెల్స్ వాడుకున్నాడు. డిప్లాక్ పేరును కథలోనే ప్రస్తావించాడు. నిజమైన టాంకు యుద్ధరంగంలో కనిపించడానికి ఇది దాదాపు పదమూడు సంవత్సరాల ముందు మాట.

లిటిల్ వార్స్

ఆట పుట్టుక

బొమ్మలతో యుద్ధం ఆడడం వెల్స్ కనిపెట్టినది కాదు. రథ, గజ, తురగ, పదాతి దళాలతో కూడిన చతురంగం భారతదేశంలో ప్రాచీనకాలం నుండి ఉన్నదే. ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే సైనికాధికారి తన తండ్రి ప్రారంభించిన క్రీగ్‌స్పీల్ అనే ఆటను 1824లో మెరుగుపరచి, అధికారుల శిక్షణకు ఉపయోగపడేలా చేశాడు. 1:8000 స్కేలు పటాలు, పాచికలు, మధ్యవర్తులు, లావైన నియమావళి కలిగిన ఆ ఆట సామాన్యులకు అందేది కాదు.

వెల్స్ ఇంట్లో ఆట మొదలైన తీరు వేరు. శాండ్‌గేట్‌లో ఒకనాడు మధ్యాహ్న భోజనం తరువాత ఒక మిత్రుడు నేలమీద ఉన్న బొమ్మ సైనికులపైకి స్ప్రింగు ఫిరంగి పేల్చి, ఎవరు ఎక్కువ మందిని పడగొడతారో చూద్దామని పందెం వేశాడు. పుస్తకంలో పొడి అక్షరాలతో మాత్రమే కనిపించే ఈ మిత్రుడు హాస్య రచయిత జెరోమ్ కె.జెరోమ్ అని చెబుతారు. తరువాత విజ్ఞాన సర్వస్వ సంపుటాలను కొండలుగా పేర్చి, వాటి చాటున సైనికులను దాచడం ప్రారంభమైంది. క్రమంగా చెక్క దిమ్మెలతో ఇళ్ళు, చెట్ల రెమ్మలతో అడవులు వెలిశాయి. మన ఇళ్ళలో బొమ్మల కొలువు తీర్చినట్లే ఆ ఇంటి గదులలో ఒక దేశమే తయారయింది. పిల్లల నేల ఆటల గురించి 1911లో ఫ్లోర్ గేమ్స్ అనే పుస్తకం రాసిన వెల్స్, యుద్ధక్రీడ నియమాలను 1913లో విడిగా ప్రచురించాడు. ఈ పుస్తకానికి బొమ్మలు జె.ఆర్.సింక్లెయిర్ గీయగా, ఛాయాచిత్రాలు వెల్స్ భార్య తీసింది.

బొమ్మల స్కేలు, తయారీదారు

ఈ ఆటకు రూపం ఇచ్చినది ఒక విధంగా బొమ్మల తయారీదారే. పందొమ్మిదవ శతాబ్దంలో సైనికుల బొమ్మల వ్యాపారం ఎక్కువగా జర్మనీ చేతిలో ఉండేది. న్యూరెంబర్గ్‌లో తయారయ్యే పలుచని రేకు వంటి బొమ్మలు సుమారు 30 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేవి. నిండు సీసంతో పోసిన బొమ్మలు బరువుగా, ఖరీదుగా ఉండేవి. 1893లో లండన్‌కు చెందిన విలియం బ్రిటన్ కుటుంబ సంస్థ లోపల బోలుగా ఉండే పోత పద్ధతిని ప్రవేశపెట్టింది. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అంచుల వెంట గడ్డకట్టగానే మధ్యలోని ద్రవాన్ని బయటకు వంచేసేవారు. దీనివలన సీసం ఖర్చు తగ్గి, బొమ్మ తేలికై, ధర సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది.

బ్రిటన్ సంస్థ తన బొమ్మలకు 54 మిల్లీమీటర్ల ఎత్తును ప్రమాణంగా తీసుకుంది. ఇది అప్పటి ఒకటవ నంబరు గేజి బొమ్మ రైళ్ళకు సరిపోయే కొలత. దాదాపు 1:32 స్కేలు అనుకోవచ్చు. కాల్బలం, ఆశ్వికదళం, ఫిరంగులు అన్నీ ఒకే స్కేలులో దొరకడం వెల్స్ ఆటకు కీలకం. ఏ బొమ్మ ఎంత దూరం నడవాలి, దేని చాటున దాగాలి అన్నది ఈ ఏకరూపత ఉన్నప్పుడే న్యాయంగా తేలుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది ఆ సంస్థ తయారుచేసిన 4.7 అంగుళాల నౌకాదళ ఫిరంగి నమూనా. ఇది స్ప్రింగు బలంతో అంగుళం పొడవున్న చిన్న చెక్క కడ్డీని విసురుతుంది. తొమ్మిది గజాల దూరంలోని సైనికుడి బొమ్మను పదింట తొమ్మిదిసార్లు కొట్టగలదని వెల్స్ రాశాడు. 1:32 స్కేలులో చూస్తే అది నిజమైన నేలమీద దాదాపు 260 మీటర్లకు సమానం. నిజమైన 4.7 అంగుళాల ఫిరంగి కొన్ని కిలోమీటర్ల దూరం కాలుస్తుంది. అంటే బొమ్మ పరిమాణానికి, ఆటస్థలానికి మధ్య పొంతన ఆనాడే కుదరలేదు. గది గోడలే యుద్ధభూమికి సరిహద్దులయ్యాయి.

పదేళ్ళ క్రితమే కవచ యంత్రాలను ఊహించిన వెల్స్ తన ఆటలో వాటికి చోటు ఇవ్వలేదు. లిటిల్ వార్స్ సైన్యంలో కాల్బలం, గుర్రాలు, ఫిరంగులు మాత్రమే ఉన్నాయి. అవే బొమ్మల దుకాణంలో దొరికేవి. కథలోని వంద అడుగుల యంత్రాన్ని ఆ సైనికుల స్కేలులో చేయాలంటే రెండు మూరల పొడవు వస్తుంది.

నియమాలు

ఆట ప్రారంభంలో గది మధ్య తెర కట్టి, ఇరుపక్షాల వారు ఒకరికి తెలియకుండా ఒకరు సైన్యాలను అమర్చుకుంటారు. ఒక ఎత్తుకు కాల్బలం ఒక అడుగు, ఆశ్వికదళం రెండు అడుగులు కదలవచ్చు. ఫిరంగి దగ్గర కనీసం నలుగురు సైనికులు ఉంటేనే దానిని పేల్చడానికి, కదల్చడానికి వీలవుతుంది. ప్రతి ఎత్తుకు గడియారం చూసి కాలపరిమితి విధిస్తారు. ఇరుపక్షాలు చేతికి చేయి తగిలేంత దగ్గరకు వస్తే, సరిసమానంగా మనుషులను తీసివేస్తారు. ఒంటరిగా చిక్కిన చిన్న దళం బందీ అవుతుంది. పాచికలు లేవు. ఫలితం గురి మీద, వ్యూహం మీద, ఆటగాడి తొందరపాటు మీద ఆధారపడి ఉంటుంది.

ఆశయం

వెల్స్ ఈ ఆటను వినోదం కోసమే రూపొందించినప్పటికీ, పుస్తకం చివరలో తన అసలు ఉద్దేశాన్ని వివరించాడు. ఎవరి ఇల్లూ కూలని, ఎవరి బిడ్డా చావని ఈ చిన్న యుద్ధం పెద్ద యుద్ధానికి మందు కావాలని ఆశించాడు. మూడు నాలుగుసార్లు ఈ ఆట ఆడినవారు ఎవరైనా, నిజమైన యుద్ధంలో ఎన్ని పొరపాట్లు జరుగుతాయో గ్రహిస్తారని అతడి వాదన. తెలివైన సేనాపతులు కూడా కాలపరిమితి ఒత్తిడిలో, శత్రువు కనిపించని స్థితిలో తప్పులు చేస్తారు. ఆటలో ఆ తప్పుకు పడిపోయేది సీసపు బొమ్మ. రణరంగంలో పడిపోయేది మనిషి.

ఈ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. పిల్లలకు బొమ్మ తుపాకులు, బొమ్మ సైనికులు ఇవ్వడమే యుద్ధోన్మాదానికి బీజమని శాంతివాదులలో కొందరి అభిప్రాయం. ఈ చర్చ నేటికీ ముగియలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం, టాంకులు

పుస్తకం వెలువడిన మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైంది. వెల్స్ యుద్ధాన్ని వ్యతిరేకించలేదు. జర్మనీ సైనికతత్వాన్ని అణచివేస్తే ఇక యుద్ధాలే ఉండవని నమ్మి, ది వార్ దట్ విల్ ఎండ్ వార్ (యుద్ధాన్ని అంతం చేసే యుద్ధం) పేరుతో వ్యాసాలు ప్రచురించాడు. ఆ పేరు ఆనాటి ప్రజల నోళ్ళలో నానింది. యుద్ధం అంతం కాకపోవడంతో తరువాత అదే ఎగతాళికి గురి అయింది. 1914 సెప్టెంబరు 2న బ్రిటిష్ యుద్ధ ప్రచార సంస్థ ఏర్పాటు చేసిన రచయితల సమావేశంలో వెల్స్ పాల్గొన్నాడు.

1915 ఫిబ్రవరిలో నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ నేల నౌకల కమిటీని నియమించాడు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని ఫ్లెర్స్-కోర్సెలెట్ వద్ద బ్రిటిష్ మార్క్-1 టాంకులు మొదటిసారిగా యుద్ధంలో దిగాయి. ఎనిమిదిమంది సిబ్బందితో, 28 టన్నుల బరువుతో, మనిషి నడక వేగంతో కదిలే యంత్రాలవి. తోక చక్రాలు మినహాయిస్తే పొడవు సుమారు 26 అడుగులు. వెల్స్ ఊహించిన దానిలో నాలుగవ వంతు మాత్రమే. చాలా టాంకులు యుద్ధరేఖకు చేరకముందే చెడిపోయాయి. వెల్స్ అదే సంవత్సరం ఇటలీ, ఫ్రాన్స్ యుద్ధరంగాలను పర్యటించి, ఆ అనుభవాలతో 1917లో ప్రచురించిన పుస్తకంలో టాంకుల గురించి కూడా రాశాడు.

టాంకును ఎవరు కనిపెట్టారు అన్న వివాదం యుద్ధానంతరం తలెత్తింది. 1919లో ఈ విషయం విచారించిన ప్రభుత్వ సంఘం విలియం ట్రిటన్, వాల్టర్ విల్సన్‌లను నిర్మాతలుగా గుర్తించింది. ఊహ విషయంలో మాత్రం వెల్స్ 1903లోనే చెప్పవలసినదంతా చెప్పాడని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో అంగీకరించాడు.

తరువాతి జీవితం

యుద్ధం తరువాత వెల్స్ దృష్టి ప్రపంచ ప్రభుత్వం, విద్య, చరిత్రల వైపు మళ్ళింది. 1919-20లో వెలువడిన ది అవుట్‌లైన్ ఆఫ్ హిస్టరీ విశేషంగా అమ్ముడుపోయింది. జవహర్‌లాల్ నెహ్రూ జైలులో రాసిన ప్రపంచ చరిత్ర లేఖలకు ఈ గ్రంథం తోడ్పడింది. వెల్స్ 1920లో లెనిన్‌ను, 1934లో స్టాలిన్‌ను కలుసుకున్నాడు. 1922, 1923 ఎన్నికలలో లేబర్ పార్టీ అభ్యర్థిగా పోటీ చేసి ఓడిపోయాడు. మధుమేహ రోగి అయిన ఇతడు 1934లో బ్రిటన్‌లో మధుమేహ రోగుల సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడు. 1940లో ప్రచురించిన మానవ హక్కుల పుస్తకం తరువాతి అంతర్జాతీయ చర్చలకు దోహదం చేసింది.

1914లో వచ్చిన ది వరల్డ్ సెట్ ఫ్రీ నవలలో వెల్స్ అణుబాంబు అనే మాటను వాడాడు. ఆ నవలను 1932లో చదివిన భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్, 1933లో అణు శృంఖల చర్య భావనకు చేరుకున్నాడు. హిరోషిమాపై బాంబు పడిన నాటికి వెల్స్ జీవించే ఉన్నాడు. 1945లో వెలువడిన అతడి చివరి పుస్తకంలో మానవజాతి భవిష్యత్తుపై నిరాశ స్పష్టంగా కనబడుతుంది. 1946 ఆగష్టు 13న లండన్‌లోని స్వగృహంలో మరణించాడు. చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు.

చలనచిత్రాలు, తెలుగు సినిమా

వెల్స్ స్వయంగా స్క్రీన్‌ప్లే రాసిన థింగ్స్ టు కమ్ (1936) చిత్రాన్ని అలెగ్జాండర్ కోర్డా నిర్మించగా విలియం కామెరాన్ మెంజీస్ దర్శకత్వం వహించాడు. రాబోయే యుద్ధంలోని టాంకులను, భవిష్యత్ నగరాన్ని ఇందులో చిన్న నమూనాలతో చిత్రీకరించారు. స్పెషల్ ఎఫెక్ట్స్ బాధ్యత నెడ్ మాన్‌ది. యుద్ధక్రీడలో బొమ్మ ఒకే స్కేలులో ఉండడం ఎంత అవసరమో, సినిమా నమూనాలోనూ అంతే అవసరం. ఒక ఇల్లు పెద్దదై పక్క ఇల్లు చిన్నదైతే ప్రేక్షకుడి భ్రమ చెదిరిపోతుంది. తెలుగులో మాయాబజార్ (1957) చిత్రం కోసం మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణంలో చూపిన ద్వారకా నగరం ఈ తరహా నమూనాకు ప్రసిద్ధ ఉదాహరణ.

వెల్స్ పేరు తెలియని తెలుగు ప్రేక్షకుడికి కూడా అతడి ఊహ పరిచితమే. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో బాలకృష్ణ కథానాయకుడిగా 1991లో విడుదలైన ఆదిత్య 369 చిత్రానికి ది టైమ్ మెషీన్ నవల ప్రేరణ. కాలయంత్రంలో శ్రీకృష్ణదేవరాయల కాలానికి, భవిష్యత్తుకు ప్రయాణించే ఈ కథ, తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదులోని ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాలకు తరలివస్తున్న రోజులలో తెరకెక్కింది. 2025లో ఈ చిత్రం తిరిగి విడుదలైంది.

బల్లమీది టాంకు యుద్ధాలు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత లిటిల్ వార్స్ వారసులు మళ్ళీ తలెత్తారు. ఆ యుద్ధంలో టాంకు దళంలో పనిచేసిన డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో వార్ గేమ్స్ అనే పుస్తకం ప్రచురించాడు. లయొనెల్ టార్ రూపొందించిన టాంకు యుద్ధ నియమాలు అందులో చేర్చాడు. స్ప్రింగు ఫిరంగి స్థానాన్ని పాచికలు ఆక్రమించాయి. ఆట నేలమీది నుండి బల్లమీదికి చేరింది. దీనితో వెల్స్‌కు బొమ్మల దుకాణం తీర్చిపెట్టిన ప్రశ్న, అనగా ఏ స్కేలు, ఎవరి తయారీ అన్నది, ప్రతి ఆటగాడూ స్వయంగా తేల్చుకోవలసి వచ్చింది.

ఆరు మీటర్ల పొడవున్న ఒక టాంకును తీసుకుంటే, వివిధ స్కేళ్ళలో దాని పరిమాణం ఇలా ఉంటుంది:

- 1:32 (వెల్స్ నాటి 54 మి.మీ. సైనికుడి స్కేలు): సుమారు 19 సెంటీమీటర్లు. గది నేల కావాలి.
- 1:56 (28 మి.మీ. సైనికుడు): సుమారు 11 సెంటీమీటర్లు. బ్రిటన్‌కు చెందిన వార్‌లార్డ్ సంస్థ బోల్ట్ యాక్షన్ ఆటకు వాడేది ఇదే. సైనికులు ముఖ్యమై, టాంకులు కొద్దిగా ఉండే ఆటకు అనుకూలం.
- 1:72: సుమారు 8 సెంటీమీటర్లు. ఎయిర్‌ఫిక్స్ వంటి సంస్థల ప్లాస్టిక్ కిట్లకు సాధారణమైన స్కేలు.
- 1:87: సుమారు 7 సెంటీమీటర్లు. ఆస్ట్రియాకు చెందిన రోకో మినీటాంకులు ఈ స్కేలులోనివి.
- 1:100 (15 మి.మీ. సైనికుడు): 6 సెంటీమీటర్లు. న్యూజీలాండ్‌కు చెందిన బాటిల్‌ఫ్రంట్ సంస్థ 2002లో తెచ్చిన ఫ్లేమ్స్ ఆఫ్ వార్ ఆటది ఈ స్కేలు.
- 1:285: సుమారు 2 సెంటీమీటర్లు. అమెరికాకు చెందిన జి.హెచ్.క్యు. సంస్థ 1967 నుండి ఈ స్కేలులో నమూనాలు చేస్తున్నది. పెద్ద టాంకు దళాలను ఒకే బల్లమీద నిలపవచ్చు.

టాంకు ఫిరంగి వెయ్యి మీటర్ల దూరం కాలుస్తుందనుకుంటే, 1:100 స్కేలులో ఆ దూరం పది మీటర్లు. 1:285లో కూడా మూడున్నర మీటర్లు. ఆరడుగుల బల్ల దీనికి చాలదు. కనుక బొమ్మకు ఒక స్కేలు, నేలకు వేరొక స్కేలు పెట్టుకోవడం సర్వసాధారణం. వెల్స్ ఎదుర్కొన్న చిక్కు స్కేలు తగ్గినా పూర్తిగా తీరలేదు. తయారీదారును ఎంచుకునేటపుడు కూడా ఒకే స్కేలు పేరుతో వచ్చే బొమ్మలు అన్ని సంస్థలవీ ఒకే ఎత్తులో ఉండవన్నది గమనించవలసిన విషయం. అందువలన ఒక సైన్యానికి ఒకే సంస్థ బొమ్మలు వాడడం, ఎదుటి ఆటగాడి స్కేలుతో సరిపోల్చుకోవడం ఆటగాళ్ళు పాటించే పద్ధతి.

బ్రిటన్ సంస్థ సీసపు బోలు బొమ్మల తయారీని 1966లో నిలిపివేసింది. నాటి బొమ్మలు నేడు సేకర్తల వద్ద విలువైన వస్తువులు. లిటిల్ వార్స్ మాత్రం ఇప్పటికీ పునర్ముద్రణ పొందుతూనే ఉంది. చిన్న యుద్ధం పెద్ద యుద్ధాన్ని ఆపగలదన్న వెల్స్ ఆశ నెరవేరలేదు. అయితే పడిపోయిన సైనికుడు తిరిగి లేచి నిలబడే యుద్ధం ఒక్కటైనా ఉండాలన్న అతడి కోరిక ఆ బొమ్మల ద్వారా తీరింది.

ముఖ్య రచనలు

- ది టైమ్ మెషీన్ (1895)
- ది ఇన్విజిబుల్ మేన్ (1897)
- ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ (1898)
- ది లాండ్ ఐరన్‌క్లాడ్స్ (కథ, 1903)
- ఫ్లోర్ గేమ్స్ (1911)
- లిటిల్ వార్స్ (1913)
- ది వరల్డ్ సెట్ ఫ్రీ (1914)
- ది అవుట్‌లైన్ ఆఫ్ హిస్టరీ (1919-20)
- ది షేప్ ఆఫ్ థింగ్స్ టు కమ్ (1933)